నాలుగు అరచేతులంత రబ్బరు



సంక్రాంతి దగ్గరపడింది. భోగికి ముందు రెండు మూడు రోజులు హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఎలా ఉంటుందో మీలో చాలామందికి నేను చెప్పనక్కర్లేదు. చౌటుప్పల్ దగ్గర పంతంగి, కేతేపల్లి దగ్గర కొర్లపహాడ్, జగ్గయ్యపేట దాటాక చిల్లకల్లు. ఈ మూడు టోల్‌గేట్ల దగ్గరా కార్లు బారులు తీరతాయి. అందులో చాలా బండ్లు ఏడాది పొడుగునా ఆఫీసుకీ ఇంటికీ మధ్య, బడికీ కూరగాయల మార్కెట్టుకీ మధ్య తిరిగినవే. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ సాగుతూ, గంటకి ముప్పై నలభై కిలోమీటర్లు దాటకుండా నడిచినవి. అలాంటి బండి ఉన్నట్టుండి అయిదుగురు మనుషుల్ని, డిక్కీ నిండా సామాన్లని ఎక్కించుకుని, గంటకి వంద కిలోమీటర్ల వేగంతో మూడు నాలుగు గంటలు ఆపకుండా పరిగెత్తాలి.

ఊళ్లో బాగా నడుస్తోంది కాబట్టి హైవే మీదా బాగానే నడుస్తుందని అనుకుంటాం. ఆ నమ్మకం గురించే ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను. కారుకి వచ్చే జబ్బుల్లో చాలావాటిని తక్కువ వేగం దాచిపెడుతుంది. గాలి తక్కువున్న టైరు, అరిగిన బ్రేకు ప్యాడ్లు, కూలెంట్ అడుగంటిన రేడియేటరు, ఇవన్నీ ఊళ్లో నెలల తరబడి ఓర్చుకుంటాయి. హైవే ఎక్కిన గంటలో బయటపడతాయి.

ముందు ఒక చిన్న లెక్క చెబుతాను. మామూలు చిన్న కారు, లోపల మనుషులతో కలిపి 1200 కిలోల బరువు ఉంటుందనుకుందాం. నాలుగు చక్రాలకి పంచితే ఒక్కో చక్రం మీద 300 కిలోలు. టైర్లో గాలి 33 పాయింట్లు ఉంటే, చదరపు సెంటీమీటరుకి సుమారు 2.3 కిలోల ఒత్తిడి. 300ని 2.3తో భాగించండి. దాదాపు 130 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక్కో టైరు నేలని తాకే జాగా మన అరచేయంత. నాలుగు టైర్లకి నాలుగు అరచేతులు. బండిని కదిలించేది, మలుపు తిప్పేది, ఆపేది ఆ కాస్త రబ్బరే. కంపెనీలు ఎన్ని ఎయిర్‌బ్యాగులు పెట్టినా, ఎంత మంచి బ్రేకులు అమర్చినా, అవన్నీ పని చేసేది ఆ జాగా రోడ్డుని పట్టుకుని ఉన్నంతసేపే. అందుకే కారు గురించి ఎవరు నన్ను ఏ సలహా అడిగినా టైర్ల దగ్గరే మొదలుపెడతాను.

డ్రైవరు తలుపు తెరవండి. తలుపు మూసినప్పుడు ఆనుకునే స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. కొన్ని బండ్లలో అది పెట్రోలు ట్యాంకు మూత లోపలి వైపు ఉంటుంది. ముందు టైర్లకి ఎంత గాలి, వెనక టైర్లకి ఎంత గాలి అని అంకెలు వేసి ఉంటాయి. చాలా కార్లకి రెండు వరసలు ఇస్తారు. ఒకరిద్దరే ఎక్కితే ఒక అంకె, బండి నిండా మనుషులూ సామానూ ఉంటే ఇంకో అంకె. రెండో వరసలో వెనక టైర్ల గాలి ఎక్కువ ఉంటుంది. పండక్కి వెళ్లేటప్పుడు మనకి కావలసింది ఆ రెండో వరస. గాలి కొట్టే కుర్రాడు "ఎంత పెట్టమంటారు సార్?" అంటే "అందరికీ పెట్టేదే పెట్టు" అనేవాళ్లే ఎక్కువ. అందరి కార్లూ ఒకటి కాదు. మీ కారు అంకె మీరే చెప్పాలి, మీటరు వైపు మీరే చూడాలి.

గాలి చూపించవలసింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే, బండి రెండు మూడు కిలోమీటర్లకి మించి నడవకముందు. టైరు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి మీటరు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయిస్తే, టైరు చల్లారాక గాలి తక్కువైపోతుంది.

ఇక్కడ మన ప్రాంతంలో బాగా పాతుకుపోయిన ఒక అపోహ గురించి గట్టిగా చెప్పాలి. ఎండల్లో టైరు పేలిపోతుందని, దూరం వెళ్లేటప్పుడు నాలుగైదు పాయింట్లు తగ్గించి కొట్టించుకోవాలని చాలామంది నమ్ముతారు. ఇది పూర్తిగా తప్పు, ప్రాణం మీదికి తెచ్చే తప్పు. గాలి తక్కువున్న టైరు చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ దగ్గర నొక్కుకుని మళ్లీ లేస్తుంది. వంద కిలోమీటర్ల వేగంలో సెకనుకి పదిహేను సార్ల దాకా అలా మడత పడుతుంది. ఆ మడతలోంచే వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పొరలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. టైరు పేలడానికి ఎక్కువగా కారణం అయ్యేది ఇదే. కంపెనీవాళ్లు స్టిక్కరు మీద అంకె వేసేటప్పుడు ఎండలో వేడెక్కి పెరిగే ఒత్తిడిని కూడా లెక్కలోకి తీసుకునే వేస్తారు. మన సొంత లెక్క అందులో కలపనక్కర్లేదు. నైట్రోజన్ గాలి కొట్టించాలా అని కొందరు అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కొట్టించుకుంటే నష్టం లేదు. పదిహేను రోజులకోసారి గాలి చూపించుకునేవాళ్లకి మామూలు గాలి చాలు.

గాలి కొట్టిస్తున్నప్పుడే వంగి టైరు వైపు ఒక్క నిమిషం చూడండి. టైరు మనకి చాలా విషయాలు చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్యలో గ్రిప్పు బాగా ఉంటే, ఇన్నాళ్లూ గాలి తక్కువతో నడిపారన్నమాట. మధ్యలో అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువైంది. ఒకవైపు అంచు మాత్రమే నున్నబడితే ఎలైన్‌మెంట్ తప్పింది. గ్రిప్పు గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి, వేలు పెడితే తగులుతాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి అరిగి ఆ దిమ్మెలతో సమానమైందంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. వాన రోడ్డు మీద నడిపేవాళ్లు అంతదాకా ఆగకూడదని నా మాట. టైరు కింద చేరిన నీళ్లని పక్కలకి నెట్టేది ఆ గాళ్లే. వాటి లోతు చాలకపోతే నీళ్లు టైరుకీ రోడ్డుకీ మధ్య పొరలా నిలిచి, బండి నీటి మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగదు, బ్రేకు తొక్కినా ఆగదు.

పక్కగోడ మీద ఉబ్బెత్తుగా బుడిపె కనిపిస్తే ఆ టైరుతో హైవే ఎక్కకండి. ఏదో గుంతలో గట్టిగా పడి లోపలి దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. దానికి ప్యాచీ లేదు, రిపేరు లేదు, మార్చడమే. ఇంకో సంగతి. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. మొదటి రెండు అంకెలూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గ్రిప్పు ఎంత బాగున్నా, ఎండకీ గాలికీ రబ్బరు గట్టిపడి బీటలు తీస్తుంది. అయిదారేళ్లు దాటిన టైరుని తెలిసినవాళ్లకి చూపించి తీరాలి. తక్కువ తిరిగే బండ్ల యజమానులు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. వాళ్ల టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి.

స్టెప్నీ సంగతి చెప్పాలంటే బాధగా ఉంటుంది. డిక్కీలో చాప కింద ఉన్నదన్న మాటే గానీ అందులో గాలి చూసేవాళ్లు చాలా తక్కువ. సూర్యాపేట దాటాక రాత్రి పదింటికి పంక్చరైతే, ఇంటిల్లిపాదినీ రోడ్డు పక్కన నిలబెట్టి, స్టెప్నీ తీసి చూస్తే అది మెత్తగా చేతికి నొక్కుకుంటుంది. నాలుగు టైర్లకి గాలి పెట్టించేటప్పుడు అయిదోదాన్నీ బయటికి తీయించండి. జాకీ, స్పానరు, ఎర్ర త్రిభుజం ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంట్లో బండి నడిపే ఆడవాళ్లు కూడా ఒకసారి పగటిపూట, మీ వాకిట్లోనే, చక్రం ఊడదీసి బిగించి చూడండి. నట్లు ముందు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. ఎత్తాక వదులు చేయబోతే చక్రం తిరిగిపోతుంది, బండి జాకీ మీంచి జారుతుంది.

టైరు దాటి బానెట్ దగ్గరికి వద్దాం. అక్కడ చూడాల్సినవి కొన్నే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండి చదును నేల మీద ఉండగా డిప్‌స్టిక్ బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తీయండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. కూలెంట్ కూడా తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో రెండు గీతల మధ్యే ఉండాలి. దారిలో వేడి చూపించే ముల్లు పైకి ఎక్కితే పక్కకి ఆపి ఇంజన్ కట్టేయండి. అప్పుడు రేడియేటరు మూత మాత్రం తీయకండి. లోపల ఒత్తిడితో మరుగుతున్న నీరు ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. అరగంట ఆగండి, ఇంకా వేడిగా ఉంటే ఇంకో అరగంట ఆగండి.

డాష్‌బోర్డు మీద వెలిగే దీపాల్లో రంగు చూసి నడుచుకుంటే చాలావరకు సరిపోతుంది. పసుపు దీపం అంటే వీలైనంత త్వరగా మెకానిక్‌కి చూపించమని. ఎర్ర దీపం అంటే జాగ్రత్తగా పక్కకి తీసి అక్కడే ఆపమని. ముఖ్యంగా నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే "ఇంకో పది కిలోమీటర్లలో ఊరొస్తుంది కదా" అని లాగించకండి. ఆయిలు అందకపోతే ఇంజన్ నిమిషాల్లో పట్టేస్తుంది.

బ్రేకు తొక్కితే కీచుమంటోందా, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోందా, బండి ఒక పక్కకి లాగుతోందా? ఈ మూడింటిలో ఏది ఉన్నా ప్రయాణం పెట్టుకోకండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్చాలి. అందులో నీరు చేరితే, శ్రీశైలం ఘాట్ దిగుతున్నప్పుడో తిరుమల నుంచి దిగుతున్నప్పుడో బ్రేకులు వేడెక్కి, ఆ నీరు ఆవిరై, పెడల్ ఉత్తినే కిందికి పోతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా రెండో గేరులోనో మూడో గేరులోనో దిగాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్లో దిగేవాళ్లున్నారు. వాళ్లు బండిని ఆపగలిగే రెండు సాధనాల్లో ఒకదాన్ని చేతులారా వదులుకుంటున్నారు.

డ్రైవరు కాళ్ల దగ్గర ఏమీ ఉండకూడదు. ఇది చాలా చిన్న మాటలా వినిపిస్తుంది, నిజానికి చాలా పెద్ద మాట. నీళ్ల సీసా సీటు కింద నుంచి దొర్లి బ్రేకు పెడల్ వెనక ఇరుక్కుంటే, ఎంత బలంగా తొక్కినా పెడల్ కదలదు. కాలి కింద పరిచిన మ్యాటు ముందుకి జరిగి యాక్సిలరేటరుని నొక్కిపట్టగలదు. వదులు చెప్పులు పెడల్ అంచుకి తగులుకుంటాయి. సీసాలు తలుపు అరల్లో పెట్టండి, మ్యాటు కొక్కేలకి తగిలించండి, పాదాన్ని పట్టి ఉండే చెప్పులో బూట్లో వేసుకోండి.

బండి సిద్ధమైంది. ఇప్పుడు నడిపేవాళ్ల సంగతి.

మళ్లీ ఒక లెక్క. రోడ్డు పొడిగా ఉంది, టైర్లు బాగున్నాయి, ముందు ఏదో అడ్డం వచ్చిన ఒక్క సెకనులో మీ కాలు బ్రేకు మీదికి వచ్చింది. 60 కిలోమీటర్ల వేగంలో బండి పూర్తిగా ఆగడానికి సుమారు 37 మీటర్లు పడుతుంది. 80 వేగంలో 57 మీటర్లు. 100 వేగంలో 83 మీటర్లు. 60 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగింది రెండింతలు కూడా కాదు, ఆగే దూరం మాత్రం రెండింతలు దాటింది. వేగం రెట్టింపైతే బండిలోని శక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తినంతా అరాయించుకోవలసింది మళ్లీ ఆ నాలుగు అరచేతుల రబ్బరే. అదే రోడ్డు తడిస్తే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో పదింట ఏడుకి అతివేగమే కారణమని ఆ నివేదికే చెబుతోంది.

ముందు బండికి ఎంత దూరం వదలాలో కొలవడానికి టేపు అక్కర్లేదు. ముందు వెళ్తున్న కారు ఒక కిలోమీటరు రాయినో చెట్టునో దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. రెండు సెకన్ల లోపే మీరూ ఆ రాయి దగ్గరికి వచ్చేస్తే మరీ దగ్గరగా ఉన్నట్టు. వానలో, మంచులో నాలుగు సెకన్లు ఉండాలి. మీరు జాగా వదిలితే అందులోకి ఇంకోడు దూరతాడని అంటారు. దూరనివ్వండి. మీరు మళ్లీ కాస్త వెనక్కి తగ్గండి. ఊరు చేరేసరికి పోయేది నాలుగైదు నిమిషాలు.

ఈ నెలలో తెల్లవారుజామున చౌటుప్పల్ నుంచి నందిగామ దాకా చాలాచోట్ల మంచు దట్టంగా కమ్ముకుంటుంది. అందులో హైబీమ్ వేస్తే వెలుగు మంచు మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది. లైటు కిందికి దించి, ఉంటే ఫాగ్ లైట్లు వేసి నడపండి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయకండి. మీరు ఆగి ఉన్నారో కదులుతున్నారో, ఎటు తిరగబోతున్నారో వెనకవాళ్లకి తెలియదు. లోపలి నుంచి అద్దం మసకబారితే ఏసీ గాలిని ముందద్దం వైపు తిప్పండి, క్షణాల్లో తేటపడుతుంది. కళ్లకేమీ కనిపించకపోతే టోల్‌గేటు దగ్గరో హోటలు ఆవరణలోనో ఆగిపోండి. రోడ్డు అంచున ఆగకండి. మన హైవేల మీద రాత్రిళ్లు జరిగే ఘోరాల్లో ఎన్నో లైట్లు లేకుండా అంచున ఆగిన లారీని వెనక నుంచి గుద్దడం వల్లే జరుగుతున్నాయి. మీ బండే ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, కనీసం యాభై మీటర్లు వెనక ఎర్ర త్రిభుజం పెట్టి, అందరూ దిగి రోడ్డుకి దూరంగా, రెయిలింగు అవతల నిలబడండి. బండిలో కూర్చుని సాయం కోసం ఎదురుచూడకండి.

హైవే దిగి పల్లె రోడ్డు ఎక్కితే ప్రమాదం ముఖం మారుతుంది. కోతల రోజుల్లో వడ్లూ మొక్కజొన్నా సగం రోడ్డు మీద ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. రాత్రికి వాటి మీద నల్ల పట్టా కప్పుతారు. తారు రోడ్డు మీద ఆ నల్ల కుప్ప దగ్గరికొచ్చేదాకా కనిపించదు. గింజల మీద చక్రం ఎక్కితే గులకరాళ్ల మీద ఎక్కినట్టే జారుతుంది. రైతుకి కల్లం లేకనే రోడ్డెక్కాడు, ఆయన కష్టం మనకి తెలుసు. అయినా రాత్రిపూట ఆ రాళ్లు మాత్రం తీసేయండని రైతు సోదరుల్ని చేతులెత్తి అడుగుతున్నాను. నడిపేవాళ్లు పల్లె రోడ్డు మీద నలభై దాటకండి. ఎదురుగా బండి వస్తే లైటు డిమ్ చేయండి. ఎదుటివాడు డిమ్ చేయకపోయినా మీరు చేయండి. అతని కళ్లు కూడా బైర్లు కమ్మితే అతను వచ్చేది మీ మీదికే.

కోనసీమ, కృష్ణా డెల్టా, సాగర్ ఆయకట్టు ఊళ్లకి వెళ్లేవాళ్లకి కాలువ గట్ల రోడ్లుంటాయి. కారు కాలువలో పడితే మొదటి నిమిషమే ప్రాణాధారం. వెంటనే బెల్టు విప్పి కిటికీ అద్దం దించాలి. కరెంటు అద్దాలు నీళ్లలో పడ్డ తొలి క్షణాల్లో ఇంకా పని చేస్తుంటాయి. తలుపు తెరవాలని పెనుగులాడకండి, బయటి నీటి ఒత్తిడికి అది రాదు. అద్దం దిగకపోతే పక్క అద్దాన్నే మూల దగ్గర పగలగొట్టాలి. ముందద్దం రెండు పొరల గాజు, అది పగిలినా విడిపోదు. పిల్లల్ని ముందు బయటికి నెట్టి, తర్వాత పెద్దలు రావాలి.

వాగు రోడ్డు మీదుగా పారుతుంటే మాత్రం ఒకటే మాట, వెనక్కి తిప్పండి. ఒక అడుగు లోతు నీరు చిన్న కారుని తేల్చగలదు, రెండడుగుల నీరు చాలా కార్లని ఈడ్చుకుపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదల్లో మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు పొంగి ఒక కారు కొట్టుకుపోయింది. అందులో ఒక యువ శాస్త్రవేత్తా, ఆమెని విమానాశ్రయానికి తీసుకెళ్తున్న తండ్రీ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త విన్నవాళ్లకి ఇంకే హెచ్చరికా అక్కర్లేదు.

నిద్ర గురించి. రాత్రి రెండు నుంచి అయిదు గంటల మధ్య ఒళ్లు నిద్రనే కోరుతుంది. పాటలు పెంచినా, అద్దం దించినా, మిరపకాయ నమిలినా అది ఆగదు. 80 వేగంలో మూడు సెకన్లు రెప్ప పడితే బండి 67 మీటర్లు ఎవరూ నడపకుండానే వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెల్లవారుజామున హైవేల మీద బండ్లు ఆపి, డ్రైవర్లకి నీళ్లిచ్చి ముఖం కడుక్కోమని చెప్పి పంపే పని చేస్తున్నారు. మంచి పని. అయితే ముఖం కడుక్కోవడం కొద్దిసేపటికే. ఆవలింతలు వరసగా వస్తుంటే బండిని వెలుతురున్న చోట ఆపి, తలుపులు గడియ వేసుకుని, అద్దాలు కాస్త దించి, ఇరవై నిమిషాలు కునుకు తీయండి. పగలంతా ఆఫీసులో పని చేసి, అదే రాత్రి స్టీరింగు పట్టుకోవడం అసలు వద్దు. తెల్లవారాక బయల్దేరితే భోగి మంటకి ఆలస్యమవుతుందేమో, పెద్దపండగకి అందుతారు.

ఇక సీటు బెల్టు. మూడు చోట్ల బిగించే బెల్టుని వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ 1959లో తయారుచేశాడు. ఆ కంపెనీ దాన్ని తన గుప్పిట్లో పెట్టుకోకుండా ప్రపంచంలోని కార్ల కంపెనీలన్నీ వాడుకోవడానికి వదిలేసింది. అరవై ఏళ్లు దాటినా మనం ఇంకా పోలీసు కనిపించినప్పుడు దాన్ని లాగి ఒళ్లో పట్టుకుంటున్నాం. వెనక సీట్లోవాళ్లు అదీ చేయరు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో చనిపోయారు. అది ఎంతో ఖరీదైన, భద్రమైన కారు. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు, ముందు సీట్లో ఉన్న ఇద్దరూ బతికారు. ఆ ఒక్క ఏడాదిలో దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది. అందులో 8,331 మంది నడిపినవాళ్లు కారు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు.

60 వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్ది ఆగినా లోపలి మనిషి ఆగడు. అదే 60 వేగంతో ముందు సీటుకో అద్దానికో తగులుతాడు. ఒళ్లో కూర్చోబెట్టుకున్న పసిపిల్లని ఏ తల్లి చేతులూ ఆ వేగంలో ఆపలేవు. తల్లి ప్రేమలో లోటు లేదు, ఆ శక్తి మనిషి చేతుల్లో లేదు. ముందు సీట్లో ఒళ్లో ఉన్న బిడ్డకైతే ఎయిర్‌బ్యాగే గండం. పిల్లలు వెనకే కూర్చోవాలి, పసివాళ్లకి విడిగా సీటు అమర్చాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ వాళ్ల సీటు గానీ లేకపోతే నడిపేవారికి వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. జరిమానా కోసం కాదు, ఆ బిడ్డ కోసం ఆ పని చేయండి. పండగ ఇంట్లో బండి ఆపాక తాళం వేయడం కూడా మరవకండి. ఆడుకుంటూ పిల్లలు ఆగి ఉన్న కారులోకి దూరి, తలుపులు పడిపోయి, ఊపిరాడక పోయిన ఉదంతాలు మన ఊళ్లలోనే జరిగాయి.

చివరిగా, దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగి కనిపిస్తే దాటిపోకండి. సాయం చేస్తే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలనే భయం ఒకప్పుడు ఉండేది. సుప్రీంకోర్టు 2016లో సాయం చేసేవాళ్లకి రక్షణగా ఉన్న మార్గదర్శకాలకి చట్టబలం ఇచ్చింది. 2019 సవరణలో 134ఏ సెక్షనుగా ఆ రక్షణ మోటారు వాహనాల చట్టంలోకే వచ్చింది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదు. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, లక్షా యాభై వేల రూపాయల వరకు, గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో నగదు కట్టకుండానే చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో అమల్లోకి తెచ్చింది. కాబట్టి డబ్బు గురించి ఆలోచిస్తూ గంటలు పోగొట్టకండి. మెడకి దెబ్బ తగిలిందనిపిస్తే మనిషిని లాగి కూర్చోబెట్టకండి. మంటో నీళ్లో చుట్టుముట్టకపోతే ఉన్నచోటే ఉంచి, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి.

జాతీయ రహదారి మీద ఏ సాయానికైనా 1033కి ఫోన్ చేయండి. అంబులెన్సుకి 108. మన హైదరాబాదులోనే 2005 ఆగస్టు 15న మొదలైన సేవ అది. పోలీసుకైనా మరే అత్యవసరానికైనా 112. ఈ మూడు నంబర్లూ మీ ఫోన్లో మాత్రమే కాదు, వెనక సీట్లో కూర్చునే పిల్లలకీ పెద్దవాళ్లకీ నోటికి వచ్చేలా చెప్పి, అందరి చేతా బెల్టు పెట్టించి, అప్పుడు బండి కదిలించండి.